చిన్న ద్వీప దేశాల్లో పాలనా పటిష్ఠతకు విదేశీ సాయం

చిన్న ద్వీప దేశాలు తమ ఖజానాను, కోర్టులను, పోలీసు శాఖను, ఆడిట్‌ను, ఎన్నికలను, చట్టసభను సమర్థంగా నడుపుకోవడానికి ఇతర దేశాలు, అంతర్జాతీయ సంస్థలు అందించే సొమ్ము, నిపుణులు, శిక్షణ, పరికరాలను ఈ సాయంగా పరిగణిస్తారు. రోడ్లు, రేవులు, ఆసుపత్రులు కట్టించే సాయానికి ఇది భిన్నమైనది. ఇక్కడ బాగుపడాల్సింది ప్రభుత్వ యంత్రాంగమే. అందుకే ఈ సాయం దేశ సార్వభౌమత్వానికి చాలా దగ్గరగా వస్తుంది, వివాదాలూ దీని చుట్టూనే ఎక్కువ.

నిర్వచనం, పరిధి

అధికారిక అభివృద్ధి సాయం అనే భావనను సంపన్న దేశాల సంస్థ అయిన ఓఈసీడీకి చెందిన అభివృద్ధి సహాయ కమిటీ 1969లో స్థిరపరచింది. పాలనా సాయం అందులో ఒక భాగం. ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ, న్యాయవ్యవస్థ, శాంతిభద్రతలు, అవినీతి నిరోధం, ఎన్నికలు, స్థానిక సంస్థలు, గణాంక శాఖలు దీని కిందికి వస్తాయి.

చిన్న ద్వీప వర్ధమాన దేశాలను ప్రత్యేక వర్గంగా మొదట గుర్తించింది 1992 నాటి రియో ధరిత్రీ సదస్సు. ఇవి పసిఫిక్, కరీబియన్ ప్రాంతాల్లోనూ, అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల్లోనూ ఉన్నాయి. ఈ వర్గం ఒకే అచ్చులో పోసింది కాదు. సుమారు 11 వేల జనాభా ఉన్న తువాలు, లక్షల్లో జనాభా ఉన్న మారిషస్, వీటన్నిటికన్నా ఎంతో పెద్దదైన పపువా న్యూగినీ ఇందులోనే ఉన్నాయి. ద్వీపాలు కాని గయానా, సురినామ్, బెలీజ్, గినీ-బిసావ్ కూడా ఈ జాబితాలో చేరాయి. ఈ వ్యాసం ప్రధానంగా పసిఫిక్ దేశాలను తీసుకుంటుంది. పాలనా సాయంలోని దాదాపు అన్ని రకాలనూ ప్రయత్నించి చూసిన ప్రాంతం అదే.

చిన్న పరిమాణం తెచ్చే పాలనా సమస్యలు

జనాభా ఎంత తక్కువైనా ఒక స్వతంత్ర దేశానికి కొన్ని పదవులు తప్పవు. ఆడిటర్ జనరల్, అటార్నీ జనరల్, ప్రధాన న్యాయమూర్తి, కస్టమ్స్ అధికారి, విమానయాన నియంత్రణాధికారి, ఐక్యరాజ్యసమితిలో రాయబారి కావాలి. పదికోట్ల జనాభా ఉన్న దేశంలో ఒక అధికారి సెలవు పెడితే ఆ కుర్చీలో కూర్చోవడానికి పదిమంది ఉంటారు. తువాలులోనో నౌరులోనో ఆ పని ఆగిపోతుంది. చదువుకున్నవారు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికాలకు వలసపోవడం ఈ కొరతను ఇంకా పెంచుతుంది.

దూరం మరో భారం. కిరిబాటి భూభాగం 811 చదరపు కిలోమీటర్లే. 33 ద్వీపాలుగా చెదిరి ఉన్న ఆ దేశపు సముద్ర ఆర్థిక మండలం మాత్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారత భూభాగం కన్నా ఎక్కువ. అంత సముద్రంలో చేపలు దొంగిలించే ఓడలను పట్టుకోవడమూ, బయటి దీవిలోని బడికి జీతం డబ్బు చేర్చడమూ ఒకే చిన్న యంత్రాంగం పనులు.

మూడోది బంధుత్వం. మెలనేషియా దేశాల్లో ఒకే భాష మాట్లాడే బంధుబలగం పట్ల, అంటే వంటొక్‌ల పట్ల, మనిషికి ఉండే బాధ్యత బలమైనది. ఆపదలో ఆదుకునే వ్యవస్థ అదే. అయితే టెండరు పెట్టె తెరిచే అధికారికీ, కేసు విచారించే మేజిస్ట్రేటుకూ ఎదుట నిలిచేవారు చాలాసార్లు బంధువులే. దీన్ని కేవలం అవినీతిగా చూసిన దాతలు పొరబడ్డారు. బంధుత్వానికీ నియమానికీ మధ్య దూరం పెట్టే ఏర్పాట్లు చిన్న సమాజంలో కష్టమన్నదే అసలు సంగతి.

చారిత్రక పరిణామం

పసిఫిక్‌లో సమోవా 1962లో స్వతంత్రమైంది. నౌరు 1968లో, ఫిజీ, టోంగా 1970లో, సాలమన్ దీవులు, తువాలు 1978లో, కిరిబాటి 1979లో, వనువాటు 1980లో ఆ బాట పట్టాయి. తొలి దశలో సాయమంటే పాత పాలక దేశం ఏటా బడ్జెట్ లోటు పూడ్చడం, కొన్ని పదవుల్లో తన అధికారులనే కొనసాగించడం.

1990లలో ధోరణి మారింది. ప్రభుత్వ ఖర్చు తగ్గించాలి, సిబ్బందిని కుదించాలి అనే షరతులతో సంస్కరణ రుణాలు వచ్చాయి. ఆర్థిక సంక్షోభంలో పడిన కుక్ దీవులు 1996లో ఆసియా అభివృద్ధి బ్యాంకు, న్యూజిలాండ్‌ల తోడ్పాటుతో ప్రభుత్వోద్యోగుల సంఖ్యను సగానికి పైగా తగ్గించాయి. ఖజానా కుదుటపడింది. కానీ అక్కడివారు న్యూజిలాండ్ పౌరులు కూడా కావడంతో ఉద్యోగం పోయినవారిలో చాలామంది కుటుంబాలతో దేశం వదిలిపోయారు. వనువాటు 1997లో ఇలాంటి సమగ్ర సంస్కరణ కార్యక్రమమే చేపట్టింది.

2000 తర్వాత భద్రత ముందుకొచ్చింది. బలహీన రాజ్యాలు పొరుగువారికీ ప్రమాదమనే వాదన 2002 అక్టోబరు బాలి పేలుళ్ల తర్వాత ఆస్ట్రేలియాలో బలపడింది. దాని ఫలితమే 2003లో సాలమన్ దీవుల జోక్యం. మరోవైపు 2005 పారిస్ ప్రకటన, 2009లో పసిఫిక్ నేతలు ఆమోదించిన కెయిర్న్స్ ఒప్పందం సాయాన్ని దేశ ప్రణాళికల ప్రకారమే ఇవ్వాలని కోరాయి. ఇటీవలి దశలో చైనా ఉనికి పెరగడంతో పాలనా సాయం రాయబార పోటీలోనూ భాగమైంది.

సాయంలోని రకాలు

సాంకేతిక సహాయం: అన్నిటికన్నా పాతది, ఎక్కువగా వాడేది. ఇందులో రెండు పద్ధతులున్నాయి. సలహాదారు స్థానిక అధికారి పక్కన కూర్చుని నేర్పుతాడు. డిప్యుటేషన్ మీద వచ్చిన అధికారి ఆ పదవిలోనే కూర్చుని సంతకం పెడతాడు. 2004లో దివాళా అంచున ఉన్న నౌరుకు ఆస్ట్రేలియా ఏకంగా ఆర్థిక శాఖ కార్యదర్శినే పంపింది. రెండో పద్ధతిలో ఫలితం వెంటనే కనిపిస్తుంది, ఆ అధికారి విమానం ఎక్కిన రోజున పోతుంది. మొదటి పద్ధతిలో నేర్చుకునే మనిషంటూ ఒకరు ఉండాలి. చాలా కార్యాలయాల్లో ఆ మనిషే ఉండడు.

బడ్జెట్ మద్దతు: దాతలు, ప్రభుత్వం కలిసి సంస్కరణల పట్టిక రాసుకుంటారు. పన్ను చట్టం సవరణ, కొనుగోళ్ల నియమాలు, పెండింగు లెక్కల ఆడిట్ వంటివి అందులో ఉంటాయి. అవి పూర్తయితే సొమ్ము నేరుగా ఖజానాకు చేరుతుంది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి సమోవా, టోంగా, తువాలులలో ఉమ్మడి పట్టికలు నడిపాయి. నలుగురు దాతలకు నాలుగు నివేదికలు రాసే బాధ తప్పడమే చిన్న కార్యాలయానికి దీనివల్ల కలిగిన పెద్ద మేలు.

ఒప్పంద ఆధారిత సాయం: అమెరికాతో స్వేచ్ఛా సహవాస ఒప్పందం మార్షల్ దీవులకూ మైక్రోనేషియా సమాఖ్యకూ 1986లో, పలావుకు 1994లో అమల్లోకి వచ్చింది. రక్షణ హక్కులకు బదులుగా అమెరికా గ్రాంట్లు ఇస్తుంది, ఆ దేశాల పౌరులు అక్కడికి వెళ్లి పనిచేసుకోవచ్చు. 2003-04 సవరణల తర్వాత మైక్రోనేషియా గ్రాంట్ల ఖర్చును అయిదుగురి ఉమ్మడి కమిటీ పర్యవేక్షించింది. అందులో ముగ్గురు అమెరికా ప్రతినిధులే కావడం అక్కడి నేతలకు ఎప్పుడూ మింగుడుపడలేదు. 2024 మార్చిలో ఈ మూడు దేశాల ఒప్పందాలను సుమారు 710 కోట్ల డాలర్లతో మరో 20 ఏళ్లకు పొడిగించారు.

సముద్ర పాలన: ఆస్ట్రేలియా 1987 నుంచి 12 దేశాలకు 22 గస్తీ పడవలను, వాటి శిక్షణను, నిర్వహణను అందించింది. 2018 నుంచి వాటి స్థానంలో గార్డియన్ తరగతి నౌకలు వచ్చాయి. సాలమన్ దీవుల రాజధాని హోనియారాలో 1979లో ఏర్పడిన ఫోరం ఫిషరీస్ ఏజెన్సీ నిఘా సమాచారాన్ని సమన్వయం చేస్తుంది. ఈ నిఘాకు విలువ పెంచింది మాత్రం దీవుల సొంత ఆలోచనే. ట్యూనా సమృద్ధిగా దొరికే దేశాలు నౌరు ఒప్పందం కింద ఏకమై చేపల వేటను రోజుల లెక్కన అమ్మడం మొదలుపెట్టాయి. 2015 నుంచి రోజుకు కనీస ధర 8,000 డాలర్లు. కిరిబాటి, తువాలు వంటి దేశాల ఆదాయం దీనితో అనేక రెట్లు పెరిగింది.

సాలమన్ దీవులు: రామ్సీ అనుభవం (2003-2017)

ఈ రంగంలో అతి పెద్ద ప్రయోగం రీజనల్ అసిస్టెన్స్ మిషన్ టు సాలమన్ ఐలాండ్స్. క్లుప్తంగా రామ్సీ అంటారు. దాన్ని కాస్త వివరంగా చూడాలి.

రాజధాని హోనియారా ఉన్న గ్వాడల్‌కెనాల్ దీవికి పొరుగున ఉన్న మలైటా దీవి నుంచి వచ్చి స్థిరపడినవారిని 1998 చివర నుంచి స్థానిక సాయుధ ముఠాలు తరిమివేయసాగాయి. వేలాది కుటుంబాలు నిరాశ్రయమయ్యాయి, సుమారు 200 మంది చనిపోయారు. 2000 జూన్‌లో మలైటా వారి సాయుధ ముఠా మలైటా ఈగిల్ ఫోర్స్, పోలీసుల్లోని ఒక వర్గం కలిసి ఆయుధాగారాన్ని చేజిక్కించుకుని ప్రధాని బార్తొలొమ్యూ ఉలుఫాలును నిర్బంధించాయి. ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. అక్టోబరులో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో శాంతి ఒప్పందం కుదిరినా ఆయుధాలు ఊళ్లలోనే మిగిలాయి. నష్టపరిహారం పేరుతో సాయుధులు ఖజానా మీద పడ్డారు. టీచర్లకు, నర్సులకు జీతాలు ఆగిపోయాయి.

2000 అక్టోబరులోనే ప్రాంతీయ కూటమి అయిన పసిఫిక్ దీవుల ఫోరం కిరిబాటిలో బికెతావా ప్రకటన ఆమోదించింది. సభ్య దేశం సంక్షోభంలో పడితే సభ్యులంతా కలిసి స్పందించవచ్చని అది చెప్పింది. 2003 ఏప్రిల్‌లో ప్రధాని అలన్ కెమకేజా సాయం కోరారు. సాలమన్ పార్లమెంటు విదేశీ బలగాల అధికారాలను, రక్షణలను నిర్దేశిస్తూ చట్టం చేసింది. 2003 జులై 24న సుమారు 2,200 మంది సైనికులు, పోలీసులు, సివిల్ అధికారులు రావడం మొదలైంది. మొత్తం 15 ఫోరం దేశాలు ఇందులో పాలుపంచుకున్నాయి. సొమ్ములో, సిబ్బందిలో సింహభాగం ఆస్ట్రేలియాదే.

ఇక్కడ చట్టం ప్రాధాన్యాన్ని గమనించాలి. 2004లో పపువా న్యూగినీకి ఆస్ట్రేలియా పోలీసులను పంపినప్పుడు వారికిచ్చిన మినహాయింపులు రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2005 మేలో కొట్టేసింది. పోలీసులు వెనక్కి వెళ్లిపోయారు. సాలమన్ దీవుల్లో ఆహ్వానం, ప్రాంతీయ ప్రకటన, పార్లమెంటు చట్టం మూడూ ఉండడంతో రామ్సీ 14 ఏళ్లు నిలిచింది.

తొలి ఫలితాలు వేగంగా వచ్చాయి. కొన్ని నెలల్లో సుమారు 3,700 ఆయుధాలు స్వాధీనమయ్యాయి. గ్వాడల్‌కెనాల్ దక్షిణ తీరాన్ని గడగడలాడించిన ముఠా నాయకుడు హెరాల్డ్ కెకె ఆగస్టులో లొంగిపోయాడు. ముఠాలతో కుమ్మక్కైన వందలాది పోలీసులను తొలగించారు. ఆ తర్వాతి పని మూడు విభాగాలుగా సాగింది: శాంతిభద్రతలు-న్యాయం, ఆర్థిక నిర్వహణ, ప్రభుత్వ యంత్రాంగం. ఆర్థిక శాఖలో కూర్చున్న విదేశీ అధికారులు జీతాల చెల్లింపును గాడిలో పెట్టారు, పన్ను వసూళ్లు పెరిగాయి. ఆడిటర్ జనరల్, ఓంబుడ్స్‌మన్ కార్యాలయాలకు సిబ్బందీ నిధులూ వచ్చాయి.

పరిమితి 2006 ఏప్రిల్‌లో బయటపడింది. ఎన్నికల తర్వాత పార్లమెంటు స్నైడర్ రినిని ప్రధానిగా ఎన్నుకుంది. ఎంపీలను డబ్బుతో కొన్నారన్న ఆరోపణలతో జనం తిరగబడి హోనియారా చైనాటౌన్‌ను తగలబెట్టారు. రామ్సీ పోలీసులు అక్కడ ఉండగానే ఇది జరిగింది. రిని ఎనిమిది రోజులకే దిగిపోయారు. తర్వాత వచ్చిన మనస్సే సొగవరె ప్రభుత్వం ఆస్ట్రేలియాతో ఘర్షణకు దిగింది. ఆస్ట్రేలియా హైకమిషనర్‌ను, ఆ పిమ్మట ఆస్ట్రేలియా వాడైన పోలీసు కమిషనర్‌ను దేశంలో ఉండనీయలేదు. 2007 చివర ప్రభుత్వం మారాకే సంబంధాలు కుదుటపడ్డాయి. సామాన్య ప్రజల్లో మాత్రం మిషన్‌కు మద్దతు చివరిదాకా బలంగా ఉన్నట్టు అది జరిపించిన వార్షిక సర్వేలు చూపాయి.

సైనిక విభాగం 2013లో, మొత్తం మిషన్ 2017 జూన్ 30న ముగిశాయి. మొదటి పదేళ్లలో ఆస్ట్రేలియా ఖర్చు సుమారు 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లని లోవీ ఇన్‌స్టిట్యూట్ అంచనా వేసింది. 2021 నవంబరులో హోనియారా మళ్లీ తగలబడినప్పుడు 2017 నాటి ద్వైపాక్షిక ఒప్పందం కింద ఆస్ట్రేలియా పోలీసులు తిరిగి రావాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో సాలమన్ దీవులు చైనాతోనూ భద్రతా ఒప్పందం చేసుకున్నాయి.

నియోజకవర్గ అభివృద్ధి నిధులు: వేరొక దిశలో సాయం

రామ్సీ ఒకవైపు ఖజానా నియమాలను సరిచేస్తుండగా మరోవైపు తైవాన్ ఇచ్చే సొమ్ము ఎంపీల చేతుల మీదుగా నేరుగా నియోజకవర్గాలకు పోయేది. భారత్‌లోని ఎంపీ ల్యాడ్స్ కన్నా ఇది చాలా విచక్షణాధికారం ఉన్న పద్ధతి. సోలార్ ప్యానెళ్లు, ఇంటి రేకులు, పడవల ఇంజన్లు, బడి ఫీజులు ఎవరికి ఇవ్వాలో ఎంపీయే నిర్ణయించేవారు. 50 మంది ఎంపీలున్న దేశంలో ప్రభుత్వం తన వాటా కూడా కలపడంతో ఈ నిధులు బడ్జెట్‌లో పెద్ద పద్దుగా పెరిగాయి. 2013లో వీటికి ప్రత్యేక చట్టం వచ్చింది. 2019లో సాలమన్ దీవులు దౌత్య గుర్తింపును తైవాన్ నుంచి చైనాకు మార్చుకున్నాక చైనా కూడా ఈ పద్దుకు డబ్బిచ్చింది.

మారుమూల దీవిలోని ఓటరు దృష్టిలో ప్రభుత్వమంటే ఎంపీ ఇచ్చిన రేకే. ఆరోగ్య శాఖ, విద్యా శాఖ అతని గడప దాకా రాలేదు. ఈ నిధిని తప్పుపట్టేముందు ఆ సంగతిని గుర్తుంచుకోవాలి. అయినా ఒక దాత శాఖలను బలపరుస్తుంటే మరో దాత శాఖలను పక్కకు తప్పించి డబ్బు పంచడం దేశానికి చేసిన హాని చిన్నది కాదు. రామ్సీ పరిధిలోకి రానిది సరిగ్గా ఈ రాజకీయమే.

ట్రస్టు నిధులు

దీనికి పూర్తిగా భిన్నమైన నమూనా తువాలు ట్రస్టు నిధి. స్వాతంత్ర్యం తర్వాత తువాలు బడ్జెట్ లోటును బ్రిటన్ ఏటా పూడ్చేది. ఎంత ఇస్తారో ఏటా బేరమే. దాని బదులు 1987లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ ప్రధాన దాతలుగా సుమారు 2.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో నిధి ఏర్పడింది. తువాలు తన వాటా తానూ వేసింది. మూలధనాన్ని విదేశీ మార్కెట్లలో మదుపు చేస్తారు. ద్రవ్యోల్బణాన్ని సర్దగా మిగిలిన లాభం రెండో ఖాతాలోకి వస్తుంది, అక్కడి నుంచి ప్రభుత్వం అవసరమైనప్పుడు తీసుకుంటుంది. దాతలకూ తువాలుకూ బోర్డులో చోటుంది. ఆర్థికవేత్తల సలహా కమిటీ లెక్కలు చూసి ప్రభుత్వానికి నివేదిక ఇస్తుంది. మార్కెట్లు పడిపోయిన ఏడాది రెండో ఖాతా ఆదుకుంటుంది. మూడున్నర దశాబ్దాలు దాటినా నిధి నిలిచి ఉండడం చిన్న దేశాల సాయ చరిత్రలో గౌరవంగా చెప్పుకోదగినది.

నౌరు అనుభవం దీనికి విరుద్ధం. ఫాస్ఫేట్ ఆదాయంతో ఆ దేశం సొంతంగా కూడబెట్టిన నిధి నిర్లక్ష్యపు మదుపులతో, అప్పులతో హరించుకుపోయింది. 2015లో ఆస్ట్రేలియా, తైవాన్‌ల తోడ్పాటుతో, తువాలు తరహా నియమాలతో కొత్త నిధిని మొదలుపెట్టారు. తిమోర్-లెస్తె 2005లో నార్వే సలహాలతో పెట్రోలియం నిధి చట్టం చేసుకుంది.

ఉమ్మడి సంస్థలు

ఒక్కో దేశానికి ఒక్కో నిపుణుడు దొరకనప్పుడు అందరికీ కలిపి ఒక సంస్థ ఉండడం మేలు. 1968లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్‌కు 12 దేశాలు యజమానులు. అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ దాతల సొమ్ముతో 1993లో ఫిజీ రాజధాని సువాలో ప్రాంతీయ సహాయ కేంద్రం తెరిచింది. పన్నులు, బ్యాంకుల పర్యవేక్షణ, గణాంకాల నిపుణులు అక్కడి నుంచే దేశాలకు వెళ్తారు.

కరీబియన్ ఇందులో ముందుంది. తూర్పు కరీబియన్ దేశాలకు ఉమ్మడి సుప్రీంకోర్టు 1967 నుంచి, ఉమ్మడి కేంద్ర బ్యాంకు 1983 నుంచి ఉన్నాయి. 2005లో ప్రారంభమైన కరీబియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ జీతాలు ఏ ప్రభుత్వం దయమీదా ఆధారపడకుండా కరీబియన్ అభివృద్ధి బ్యాంకు ద్వారా 10 కోట్ల డాలర్లు అప్పుగా సేకరించి ట్రస్టు నిధిగా పెట్టారు. ఆ అప్పు తీర్చే బాధ్యతను సభ్య దేశాలు తీసుకున్నాయి.

పరిమితులు, విమర్శలు

విదేశీ న్యాయమూర్తుల మీద ఆధారపడిన న్యాయవ్యవస్థలు ఈ సాయంలోని బలాన్నీ బలహీనతనూ ఒకేచోట చూపుతాయి. వనువాటులో 2015 అక్టోబరులో గాంబియాకు చెందిన న్యాయమూర్తి మేరీ సే లంచం కేసులో 14 మంది ఎంపీలను దోషులుగా తేల్చారు. అధ్యక్షుడు విదేశంలో ఉండగా తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్న స్పీకర్, తానూ దోషే అయి, తనకూ సహచరులకూ క్షమాభిక్ష ప్రకటించుకున్నారు. తిరిగొచ్చిన అధ్యక్షుడు బాల్డ్విన్ లాన్స్‌డేల్ దాన్ని రద్దు చేశారు. ఎంపీలు జైలుకెళ్లారు. ఇక్కడ తీర్పు బయటినుంచి వచ్చిన న్యాయమూర్తిది, దాన్ని కాపాడింది స్థానిక నాయకుడి నిజాయితీ.

నౌరులో అది జరగలేదు. 2014 జనవరిలో ప్రభుత్వం ఆస్ట్రేలియా వాడైన మేజిస్ట్రేటును పంపేసింది, ప్రధాన న్యాయమూర్తిని దేశంలోకి రానీయలేదు. న్యూజిలాండ్ 2015లో అక్కడి న్యాయశాఖకు సాయం నిలిపేసింది. 2022లో కిరిబాటి ప్రభుత్వం తన అప్పీలు కోర్టు న్యాయమూర్తులను, అందరూ న్యూజిలాండ్ విశ్రాంత న్యాయమూర్తులే, సస్పెండ్ చేసింది.

సాయం ఆపడమనే ఆయుధానికి పదును తక్కువని ఫిజీ చూపింది. 2006 డిసెంబరు సైనిక తిరుగుబాటు తర్వాత దాతలు ఆంక్షలు పెట్టారు, 2009లో ఫోరం ఆ దేశాన్ని సస్పెండ్ చేసింది. ఫిజీ చైనా, ఇతర ఆసియా దేశాల వైపు తిరిగింది. ఎన్నికలు 2014లోగానీ జరగలేదు.

ప్రాజెక్టు కాలం తక్కువగా ఉండడం, దాతల బృందాల రాకపోకలతోనే చిన్న కార్యాలయాల సమయం గడిచిపోవడం, సలహాదారుల ఫీజుల రూపంలో సొమ్ము దాత దేశానికే తిరిగి చేరడం తరచూ వినిపించే ఇతర విమర్శలు.

భారత్ పాత్ర

భారత్ 1964లో మొదలైన ఐటెక్ కార్యక్రమం కింద ద్వీప దేశాల అధికారులకు శిక్షణ ఇస్తోంది. 2014 నవంబరులో సువాలో జరిగిన తొలి భారత్-పసిఫిక్ దీవుల సహకార వేదికలో 14 పసిఫిక్ దేశాలకు ఏటా ఇచ్చే గ్రాంటును 1.25 లక్షల డాలర్ల నుంచి 2 లక్షలకు పెంచింది. 2014 ఫిజీ ఎన్నికల బహుళజాతి పరిశీలక బృందానికి సహ నాయకత్వం వహించింది. మారిషస్‌లో భారత గ్రాంటుతో కట్టిన సుప్రీంకోర్టు భవనం 2020 జులైలో ప్రారంభమైంది.

అర్హత సమస్య, దుర్బలతా సూచీ

తలసరి ఆదాయం పెరిగిన దేశం రాయితీ సాయానికి అర్హత కోల్పోతుంది. ద్వీపాలకు ఈ కొలత సరిపోదు. ఒక్క తుపానుతో ఏడాది ఆదాయం కొట్టుకుపోవచ్చు. కుక్ దీవులు 2020 జనవరి 1న సాయం జాబితా నుంచి తప్పుకున్నాయి. కొన్ని వారాలకే కోవిడ్ వల్ల పర్యాటకం ఆగిపోయి వాటి ప్రధాన ఆదాయం పోయింది. 2015 నాటి పామ్ తుపాను కారణంగా వనువాటు అత్యల్పాభివృద్ధ దేశాల జాబితా నుంచి వైదొలగడాన్ని 2020 డిసెంబరు దాకా వాయిదా వేయాల్సి వచ్చింది.

ఆదాయంతోపాటు దుర్బలత్వాన్నీ కొలవాలని ద్వీప దేశాలు మూడు దశాబ్దాలుగా కోరుతున్నాయి. 1994 బార్బడోస్ కార్యాచరణ ప్రణాళికలోనే ఈ డిమాండు ఉంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2024 ఆగస్టులో బహుముఖ దుర్బలతా సూచీని ఆమోదించింది. ఆర్థిక, పర్యావరణ, సామాజిక ప్రమాదాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో, వాటిని తట్టుకునే శక్తి ఎంత కొరవడిందో ఇది లెక్కిస్తుంది. రాయితీ రుణాలు, గ్రాంట్లు ఎవరికివ్వాలో నిర్ణయించేటప్పుడు దీన్ని వాడాలన్న నిర్బంధం మాత్రం ఏ దాత మీదా, ఏ అభివృద్ధి బ్యాంకు మీదా లేదు.